క్లబ్ హాల్‌లో తెలుగు ర్యాప్ షో: బీటు దద్దరిల్లుతోంది, మాట మాత్రం అందట్లేదు. ఏం మార్చాలి?

మూడో ఎంసీ:
అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో క్లబ్ లాంటి ఒక చిన్న థియేటర్‌లో గంటసేపు తెలుగు హిప్ హాప్ షో చేస్తున్నాం. కుర్చీలు ఉండవు, నిలబడి చూసే హాలు, 200 మంది పడతారు. స్టేజీ రెండున్నర అడుగుల ఎత్తు, 18 అడుగుల వెడల్పు, 12 అడుగుల లోతు. ముగ్గురు ఎంసీలు (ర్యాప్ పాడేవాళ్లు), ఒక డీజే, ఒక డప్పు. మ్యాన్‌హోల్ చావులు, కౌలు రైతుల అప్పులు, ఇంటర్ హాస్టళ్లు, కులం పేరుతో హత్యలు: పాటలన్నీ వీటి మీదే.

హాల్లో అటూ ఇటూ ఒక్కో 12 అంగుళాల టాప్ (మాట, పై శబ్దాలు వచ్చే స్పీకర్), ఒక్కో 18 అంగుళాల సబ్ (బాస్ స్పీకర్), స్టేజీ మీద రెండు మానిటర్లు (పాడేవాళ్లు తమ గొంతు వినే స్పీకర్లు), 16 చానళ్ల డిజిటల్ మిక్సర్ ఉన్నాయి. మైకులు ఎస్‌ఎం58లు. రిహార్సల్‌లో వెనక గోడ దగ్గర నిలబడి వింటే బీటు గుండెకు తగులుతోంది, మాటలు సగమే అందుతున్నాయి. ఇవి ఒక్క మాట జారినా అర్థం తిరగబడే పాటలు. సౌండ్ ఎలా సరిచేయాలి? డప్పునూ 808 బాస్‌నూ (డ్రమ్ మెషీన్ తరహా లోతైన బాస్) ఎలా కలపాలి? అనుమతుల సంగతేంటి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

కన్సోల్ వెనక:
తమ్ముడూ, ఈక్యూ (ఏ పౌనఃపున్యం ఎంత వినిపించాలో సరిచేసేది) జోలికి పోకముందు ఎంసీల చేతులు చూడు. మైకు తలకాయను పిడికిట్లో మూసి పాడుతున్నారా? ఎస్‌ఎం58 వెనక నుంచి వచ్చే శబ్దాన్ని తగ్గించుకునేది ఆ జాలీ లోపలున్న వెనక రంధ్రాల వల్లే. చెయ్యి వాటిని మూసిందంటే మైకు అన్ని వైపుల నుంచీ లాగుతుంది. మానిటర్ శబ్దం లోపలికి వెళ్లి కూత (ఫీడ్‌బ్యాక్) మొదలవుతుంది. కూత రాగానే ఇంజినీర్ ఫేడర్ దించుతాడు, మాట అక్కడే పోతుంది. పైగా గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు బొంగురుగా ఉంటుంది. పట్టు జాలీ కింద పిడి మీదే ఉండాలి. పెదాలకూ జాలీకీ మధ్య రెండు మూడు సెంటీమీటర్లు చాలు. ఈ దూరం రెట్టింపైన ప్రతిసారీ సుమారు 6 డెసిబెల్స్ పోతాయి. కాబట్టి అరిచే లైన్లో తప్ప దూరం పెంచకూడదు, అక్కడ కూడా 8 సెంటీమీటర్లు దాటొద్దు.

మానిటర్ ఎక్కడ పెట్టాలన్నది మైకును బట్టి ఉంటుంది. ఎస్‌ఎం58 తోక ఎటు చూస్తోందో సరిగ్గా అటే మానిటర్ ఉండాలి. అదే బీటా 58 లాంటి సూపర్‌కార్డియాయిడ్ మైకు (ముందు వైపు ఇంకా ఇరుకుగా వినేది) తెస్తే, అది తోక వైపు కొంత వింటుంది. దాని చెవిటి దిక్కు 120 డిగ్రీల దగ్గర ఉంటుంది కాబట్టి మానిటర్‌ను పక్కకు జరపాలి. మైకు మార్చి మానిటర్ జరపకపోతే కూత ఇంకా పెరుగుతుంది. ముగ్గురికి రెండే మానిటర్లు కాబట్టి వాటిలోకి గొంతు, స్నేర్ మాత్రమే పంపండి. బాస్ వద్దు, అది ఎలాగూ సబ్‌ల నుంచి స్టేజీ మీదికి వస్తుంది.

ఇక అసలు దోషి బాస్. 808 మూలస్వరం ఎక్కువగా 40 నుంచి 60 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. గట్టి బాస్ పైనున్న శబ్దాలను కప్పేస్తుంది, చెవి తీరే అంత. గొంతు చానళ్లన్నిటికీ 120 హెర్ట్జ్ దగ్గర హై పాస్ (అంతకంటే కింది శబ్దాలను కోసే ఫిల్టర్) పెట్టండి. నోటికి దగ్గరగా పాడితే మైకు తనంతట తానే బాస్ పెంచుతుంది, దాన్నీ ఇది కోసేస్తుంది. మిక్సర్‌లో ఒక ఆక్స్ (విడి అవుట్‌పుట్) ఖాళీగా ఉంటే సబ్‌లకు విడిగా ఆక్స్ నుంచే పంపండి. కిక్, 808 తప్ప ఇంకేదీ అందులోకి పోకూడదు. సబ్‌లు అటొకటి ఇటొకటి ఉంటే హాలు నడిమధ్య బాస్ ముంచెత్తుతుంది, పక్కకు జరిగితే కొన్నిచోట్ల మాయమవుతుంది. 50 హెర్ట్జ్ అల దాదాపు 7 మీటర్ల పొడవు మరి. హాలువాళ్లు ఒప్పుకుంటే రెంటినీ స్టేజీ ముందు నడుమ, నేల మీద, ఒకదానికొకటి ఆనించి పెట్టండి. హాలంతా ఒకే రకంగా వినిపిస్తుంది, అప్పుడు మొత్తం బాస్ తగ్గించినా ఎవరూ అడగరు.

టాప్‌ల హార్న్ జనం తలల మీదుగా చూడాలి. నేల నుంచి 2.2 మీటర్లకు తగ్గకూడదు. నిలబడ్డ ఒళ్లు పై పౌనఃపున్యాలను మింగేస్తాయి. ఖాళీ హాల్లో బాగున్న మాట నిండిన హాల్లో మసకబారేది అందుకే.

గొంతు ఈక్యూలో 250 నుంచి 400 మధ్య 3 డెసిబెల్స్ తగ్గిస్తే ముద్దతనం పోతుంది. హల్లులు స్పష్టమయ్యేది 2 నుంచి 4 కిలోహెర్ట్జ్‌లో. అక్కడ గొంతును పెంచేకంటే బీటులో ఉన్న సింథ్‌నూ శాంపిల్‌నూ 3 డెసిబెల్స్ తగ్గించడం మేలు. కంప్రెసర్ (గట్టి శబ్దాలను అణిచేది) 4:1, అటాక్ (అణచడానికి పట్టే సమయం) 10 మిల్లీసెకన్లు, రిలీజ్ (వదలడానికి పట్టే సమయం) 100 లోపు, తగ్గింపు 6 డెసిబెల్స్ దాటొద్దు. అటాక్ మరీ వేగంగా పెడితే ప, ట, క లాంటి అక్షరాల మొన అరిగిపోతుంది.

గొంతు మీద రివర్బ్ (హాలు మార్మోగినట్టు వినిపించే ఎఫెక్ట్) అస్సలు వద్దు. ఇది ముఖ్యంగా తెలుగుకు చెబుతున్నా. మనకు పొడుగు, పొట్టి, ఒత్తు మారితే పదమే మారిపోతుంది. కలం, కాలం. గుడి, గుడ్డి. రివర్బ్ పొట్టి అచ్చును సాగదీస్తుంది, ఒత్తుకు ముందుండే చిన్న ఆగడాన్ని పూడ్చేస్తుంది. హుక్ (మళ్లీ మళ్లీ వచ్చే పల్లవి) మీద కాస్త డిలే (ప్రతిధ్వని) వేసుకోండి, చాలు.

ఇంకో సంగతి. యాప్‌లలో పెట్టిన పూర్తి పాటనే వేసి దాని మీద పాడుతున్నారేమో చూసుకోండి. రికార్డులోని గొంతు, స్టేజీ మీది గొంతు కొద్దిగా ముందూ వెనకా పడి రెండూ చెరిగిపోతాయి. షో కోసం వేరే ట్రాక్ తీయాలి: లీడ్ గొంతు ఉండదు, హుక్ డబుల్స్ (అదే లైన్ మళ్లీ పాడిన గొంతులు) మాత్రం లోపల 8 డెసిబెల్స్ తక్కువలో ఉంటాయి. మాస్టర్ లిమిటర్ (ట్రాక్ మొత్తాన్ని గట్టిగా అణిచేది) తీసేసి, పీక్‌లు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి. వీలైతే నాలుగు ముక్కలుగా ఇవ్వండి: కిక్-808, మిగతా డ్రమ్స్, సంగీతం, హుక్ గొంతులు. ల్యాప్‌టాప్ నుంచి డీఐ బాక్స్ (సిగ్నల్‌ను మిక్సర్‌కు సరిపడేలా మార్చే పెట్టె) ద్వారా పోవాలి. 50 హెర్ట్జ్ హమ్ వస్తే డీఐ మీది గ్రౌండ్ లిఫ్ట్ నొక్కండి. ప్లగ్ ఎర్త్ పిన్ను మాత్రం ఎవరేం చెప్పినా పీకకండి, చేతిలో మైకు పట్టుకున్నవాళ్ల ప్రాణం మీదికి వస్తుంది.

డీజే మూల:
అన్న చెప్పినట్టు సబ్‌లు నడుమకు తెస్తే ఒకటి గుర్తుంచుకోండి. స్టేజీ చెక్కదై లోపల బోలుగా ఉంటే అది డోలులా మోగుతుంది. టర్న్‌టేబుల్ సూది ఆ అదురును పట్టి మళ్లీ సబ్‌కే పంపుతుంది, నెమ్మదిగా ఒక గుర్రు లేస్తుంది. డెక్‌ల కింద మందపాటి ఫోమ్, దాని మీద ఒక బరువైన రాతి పలక వేస్తే చాలావరకు ఆగుతుంది. సూది లేని కంట్రోలరో సీడీజేలో అయితే ఈ బాధ లేదు. డీజే మిక్సర్ ఎర్ర లైట్లోకి పోకూడదు. అక్కడ పగిలిన శబ్దాన్ని పెద్ద మిక్సర్‌లో ఎంత తగ్గించినా పగిలే ఉంటుంది. ట్రాకులు రెండు పెన్‌డ్రైవుల్లో పెట్టుకోండి.

చిర్రా చిటికెన:
డప్పు గురించి. ముందు తోలు సంగతి. తేమ తగిలితే, చల్లబడితే తోలు వదులై శబ్దం బొద్దుబారుతుంది. ఊళ్లో అయితే మంట సెగ చూపిస్తాం, హాల్లో మంట పెట్టనివ్వరు, పెట్టకూడదు కూడా. బయట ఎలక్ట్రిక్ హీటర్ ముందు అడుగు దూరంలో తిప్పుతూ కాచుకోవాలి. ఒకేచోట ఆపితే తోలు మాడి చిట్లుతుంది. గంట షోకి రెండు డప్పులు కావాలి. ఒకటి మోగుతుంటే రెండోది బయట కాగుతుండాలి. ఫైబర్ డప్పుకు ఈ బాధ లేదు గానీ తోలు పలికే గంభీరం రాదు. ఈ పాటలకు తోలే ఉండాలని నా మాట.

200 మంది హాల్లో డప్పుకు దాదాపు మైకే అక్కర్లేదు. ఎంసీల మైకుల్లోకి అది ఎలాగూ వస్తుంది, అదే అసలు చిక్కు. డప్పు కొట్టే ఆయన్ను ఎంసీల వెనక నిలబెట్టకండి. స్టేజీ అంచున, ఎంసీల మైకుల తోక వైపుకు వచ్చేలా ఒక పక్కన నిలబెట్టండి. రికార్డింగ్ కోసం మైకు పెడితే సుమారు 30 సెంటీమీటర్ల దూరంలో, నడుమకు కాకుండా అంచు వైపు గురిపెట్టండి. ఆయన ఆడుతూ కొడతాడు కాబట్టి నేల మీద టేపుతో ఒక గడి గీసి ఇవ్వండి.

మాటను మింగేది చిటికెన పుల్ల (డప్పు కొట్టే సన్నటి పుల్ల). దాని చురుకు దెబ్బ సరిగ్గా హల్లులుండే చోటే పడుతుంది. వెర్స్ (చరణం) నడుస్తున్నప్పుడు చిర్రతో (లావు పుల్లతో) తెరిచిన దెబ్బలు, అవీ బార్‌కు (నాలుగు బీట్లకు) రెండు. చిటికెన పుల్ల హుక్‌లోనూ, మాట లేని ఎనిమిది బార్లలోనూ విజృంభించాలి. అప్పుడే దాని విలువ కూడా తెలుస్తుంది. చిర్ర దెబ్బ, కిక్ ఒకేచోట పడితే రెండూ ముద్దవుతాయి. ఆ బార్లలో కిక్ తీసేసి 808 తోకను మాత్రం ఉంచమని బీటు చేసేవాళ్లకు చెప్పండి.

నడక విషయం. డప్పు దరువులు చాలావరకు తిశ్రంలో (మూళ్ల లెక్కలో) నడుస్తాయి, మీ బీటు చతురశ్రం (నాలుగుల లెక్క). 90 బీపీఎం (నిమిషానికి 90 బీట్లు) మీద హై హ్యాట్‌ను ట్రిప్లెట్లుగా (బీటుకు మూడుగా) మారిస్తే రెండూ కలుస్తాయి. ఊపు వచ్చేకొద్దీ డప్పు వేగం పెరుగుతుంది, ట్రాక్ పెరగదు. ఆయన ఒక చెవికి క్లిక్ (వేగం చెప్పే టిక్ టిక్) ఇవ్వండి. అది నచ్చకపోతే డప్పు ఒక్కటే స్వేచ్ఛగా మోగే భాగం పెట్టి, చివర నాలుగు దెబ్బల లెక్క మీద డీజే బీటు మళ్లీ వదలాలి. రెంటినీ కళ్లతో చూసుకుంటూ కలుపుదామంటే ఆ చీకటి స్టేజీ మీద కుదరదు.

వంత గొంతు:
సౌండ్ అంతా సరిచేశాక కూడా కొన్ని మాటలు అందవు, ఎందుకంటే అవి రాతలోనే పోయుంటాయి. 90 బీపీఎంలో పదహారో భాగాలన్నీ (బీటుకు నాలుగు) నింపితే సెకనుకు ఆరు అక్షరాలు. ఇయర్‌ఫోన్‌లో అది గొప్పగా ఉంటుంది, జనం నిండిన హాల్లో నిలవదు. బార్‌కు 11, 12 అక్షరాలకు తగ్గించండి, రెండు బార్లకొకసారి ఊపిరికి ఒక బీటు ఖాళీ పెట్టండి. 16 బార్ల వెర్స్ దాదాపు 43 సెకన్లు. ఊపిరి చాలకపోతే ముందుగా పోయేవి లైన్ చివరి అక్షరాలే.

తెలుగులో ఆ చివరే ప్రాణం. మన వాక్యానికి అవుననీ కాదనీ తేలేది ఆఖరి మాటలో. "పరిహారం ఇచ్చారు", "పరిహారం ఇవ్వలేదు": చివర రెండు అక్షరాలు చప్పట్లలో కలిస్తే పాట ఎదుటి పక్షానికి వెళ్లిపోతుంది. మీరు అర్థం తిరగబడుతోందన్నది ఇదే అయ్యుంటుంది. దీనికి మనవాళ్లు ఎప్పుడో దారి వేశారు. బుర్రకథలో కథకుడికి ఇటూ అటూ ఇద్దరు వంతలుంటారు, ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. కథకుడి మాట చివరను అందుకుంటారు, అనుమానం అడుగుతారు, విన్నది ఇవాళ్టి సంగతికి ముడిపెడతారు. షేక్ నాజర్ దళాలు మైకులు అంతంతమాత్రంగా ఉన్న రోజుల్లో వేల మందికి కథ వినిపించింది ఈ ఏర్పాటుతోనే. మీరు ముగ్గురున్నారు. ఒకరు వెర్స్ చెబుతుంటే మిగతా ఇద్దరూ లైన్ అంతా అరవకండి, చివరి మాట ఒక్కటే కలిసి పలకండి. "లేదు", "రాలేదు", "చావలేదు, చంపారు" లాంటి చోట్ల మూడు గొంతులు పడాలి. మిగతా సమయంలో ఆ ఇద్దరి మైకులు నోటికి దూరంగా ఉండాలి.

ప్రాస లైన్ చివరే ఉండాలని కూడా లేదు. "-తున్నారు", "-తున్నారు" అని ప్రత్యయాలు కలిపితే అది ప్రాసా కాదు, చెవికి పట్టదు కూడా. పద్యంలోలా రెండో అక్షరంతో ప్రాస పెట్టి చూడండి. బరువైన నామవాచకం మొదటి బీటు మీదికి వస్తుంది, అది వెనక గోడదాకా చేరుతుంది.

వాస్తవాల దగ్గర ఒక్క అంకె తప్పినా పాట మొత్తాన్ని కొట్టిపారేస్తారు. మ్యాన్‌హోల్ పాటలో పరిహారం 10 లక్షలని ఉంటే మార్చండి. అది 2014 మార్చి నాటి సుప్రీంకోర్టు తీర్పు. 2023 అక్టోబరులో అదే కోర్టు 30 లక్షలకు పెంచింది. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని మురుగులోకి దించడాన్ని నిషేధించిన చట్టం 2013 నాటిది. కౌలు పాటకు తెలంగాణలో రైతుబంధే సాక్ష్యం. 2018లో ఎకరాకు పంటకు 4,000తో మొదలైన ఆ సాయం పాస్‌బుక్ ఎవరి పేర ఉంటే వారికే పోయింది, దున్నిన కౌలుదారుకు పోలేదు. దళితుల ఊచకోతల్లో కారంచేడు 1985, చుండూరు 1991. వీటిని తారుమారు చేసి పాడితే ఆ ఊళ్ల నుంచి వచ్చినవాళ్ల ముందు తలెత్తుకోలేం. అంకెలన్నీ వెర్స్‌లో కుక్కకండి. వెర్స్‌లో దృశ్యం ఉండాలి, అంకె పాటకు ముందు 30 సెకన్ల మాటలో రావాలి. ఆ మాట ఎవరు చెబుతారో ముందే రాసుకుని ఉండాలి. స్టేజీ మీద అప్పటికప్పుడు మొదలుపెడితే అది ఉపన్యాసమైపోతుంది.

చనిపోయినవారి పేరు పాడాలంటే ఇంటివాళ్లను అడగండి. లైంగిక దాడి బాధితుల పేరూ, గుర్తుపట్టే వివరమూ పాటలో గానీ తెర మీద గానీ ఉండకూడదు, చట్టప్రకారం అది నేరం. హాస్టల్ పాటలో ఆత్మహత్య ఎలా జరిగిందో వర్ణించకండి. వింటున్నవాళ్లలో ఆ వయసు పిల్లలు ఉంటారు. ఆ పాట అయ్యాక మానసిక సాయానికి టెలీ మానస్ నంబరు 14416 తెర మీద ఒక నిమిషం నిలపండి.

మూడో ఎంసీ:
అక్కా, అన్నలూ, చాలా థ్యాంక్స్. చివరి మాట చెప్పాక అర్థమైంది, మా సమస్య సగం అక్కడే ఉంది. తెర గురించి ఇంకా సందేహం. లిరిక్స్ మొత్తం వేయాలా? హాలువాళ్లు పొగ మెషీన్ కూడా ఇస్తామంటున్నారు. షో 8:30కి.

తలుపు దగ్గర:
మొత్తం వేయొద్దు, జనం మిమ్మల్ని వదిలి తెర చదువుతారు. హుక్, ఊళ్ల పేర్లు, అంకెలు, అంతే. ఒకసారికి రెండు లైన్లు. నల్లటి నేపథ్యం మీద తెల్లని అక్షరాలు. తెలుగుకు లైన్ల మధ్య ఒకటిన్నర రెట్లు ఖాళీ ఉండాలి, లేకపోతే పై లైను వత్తులు కింది లైను గుడులతో ఢీకొంటాయి. హాలు కంప్యూటర్లో మీ ఫాంట్ ఉండదు, అక్షరాలు విడిపోవడమో గళ్లు రావడమో జరుగుతుంది. అందుకే స్లైడ్లన్నీ బొమ్మలుగా మార్చి తీసుకెళ్లండి. టైమర్ మీద వదలకండి. పాటలన్నీ నోటికి వచ్చిన మనిషి చేత్తో నొక్కాలి.

లైటు కూడా వినికిడికి సాయం చేస్తుంది. పెదాలు కనిపిస్తే మాట సులువుగా అందుతుంది. క్లబ్బుల్లో వెనక నుంచి తిరిగే లైట్లే ఎక్కువ, మనుషులు నీడల్లా కనిపిస్తారు. ముందు నుంచి, రెండు పక్కల 45 డిగ్రీల కోణంలో వెచ్చని తెలుపు పార్ లైట్లు రెండు అడగండి, వెర్స్ నడిచినంతసేపూ అవి ఆరకూడదు. టోపీ అంచు నీడ నోటి మీద పడుతుందేమో కూడా చూసుకోండి. స్ట్రోబ్ వద్దు, మూర్ఛ ఉన్నవాళ్లకు ప్రమాదం. పొగ మెషీన్ వాడితే స్మోక్ డిటెక్టర్ మోగుతుందేమో ముందు రోజే పరీక్షించమనండి. మోగుతుందని డిటెక్టర్ కప్పేసే హాల్లో అసలు పొగే వాడొద్దు.

అనుమతుల విషయం. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట లౌడ్‌స్పీకర్ కుదరదు. మూసిన హాలు లోపల వినడానికైతే మినహాయింపు ఉంది, కానీ ఆవరణ సరిహద్దు దగ్గర కొలిచే హద్దు హాలుకూ వర్తిస్తుంది. ప్రైవేటు స్థలమైతే ఆ ప్రాంతపు ప్రమాణం కంటే 5 డెసిబెల్స్‌కు మించి పెరగకూడదు. నివాస ప్రాంతంలో ఆ ప్రమాణం పగలు 55, రాత్రి 45. వాణిజ్య ప్రాంతంలో 65, 55. గోడలు ఎక్కువగా ఆపలేనిది బాస్‌నే, ఫిర్యాదు వచ్చేదీ దాని మీదే. 8:30కి మొదలుపెట్టి 9:45కల్లా ముగించండి, తలుపులు మూసే ఉంచండి. టికెట్ షో కాబట్టి పోలీసు అనుమతి మీ పేరున తీసుకుంటారా, హాలు పేరునా అన్నది రాతపూర్వకంగా తేల్చుకోండి. షోకి ముందూ మధ్యలో డీజే ఇతరుల రికార్డులు వేస్తే పీపీఎల్ (రికార్డింగులకు), ఐపీఆర్‌ఎస్ (పాటల మాటలకు, బాణీలకు) లైసెన్సులు కావాలి. హాలుకు ఏడాది లైసెన్సు ఉందంటే కాపీ చూడండి. బీట్లు లీజుకు కొన్నవైతే ఆ కాగితంలో లైవ్ షోకి అనుమతి ఉందో లేదో ఇవాళే చదవండి, కొన్ని లీజులు లైవ్ షోలను నిర్ణీత సంఖ్యకే పరిమితం చేస్తాయి.

200 మంది పడతారన్నారు, నేల కొలిచారా? చదరపు మీటరుకు ఇద్దరు ముగ్గురైతే డప్పు మొదలయ్యాక కాస్త ఆడటానికీ చోటుంటుంది. నలుగురు దాటితే తోపులాటే. బయటికి వెళ్లే రెండో తలుపు ముందు డ్రమ్ కేసులు, కేబుల్ పెట్టెలు పేర్చకుండా ఒకరిని కాపలా పెట్టండి.

కన్సోల్ వెనక:
సౌండ్ చెక్‌కి గంటన్నర అడుగు. మొదటి 15 నిమిషాలు కేబుళ్లు, చానళ్లు. తర్వాత బీటు లేకుండా ముగ్గురి గొంతులు, స్పష్టంగా వచ్చేదాకా. ఆ తర్వాతే బీటును కింది నుంచి నెమ్మదిగా పైకి తేవాలి, మాట తడబడటం మొదలైన చోట ఆపి 2 డెసిబెల్స్ వెనక్కి. బీటు ముందు పెట్టి గొంతును దాని మీదికి ఎక్కించాలని చూస్తే హాలు ఎప్పటికీ చాలదు. చివరి అరగంట డప్పుతో రెండు పాటలు పూర్తిగా. ఆ రెండు పాటలూ ఎన్నడూ వినని మనిషిని వెనక గోడ దగ్గర కాగితం, పెన్నుతో నిలబెట్టి వినిపించింది రాయమను. మీకు పాట నోటికి వచ్చు కాబట్టి మీ చెవి మిమ్మల్ని మోసం చేస్తుంది, ఆ మనిషిది చేయదు. ఎక్కడ ఖాళీ వదిలాడో ఆ లైన్లు చూసి, అది మైకు దూరమా, చిటికెన పుల్లా, ఊపిరా అన్నది తేల్చుకోండి. హాలు నిండాక గొంతులు ఇంకో 2, 3 డెసిబెల్స్ పెంచాల్సి వస్తుంది. ఆ పెంచే చోటు ఉండేలా చెక్‌లోనే కూత రాకుండా 6 డెసిబెల్స్ ఎడం మిగుల్చుకో.